పాత డెస్క్‌టాప్‌కి సౌండ్ కార్డు కనబడటం లేదు, క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించాలి

మహేంద్రతనయ
మాది పర్లాకిమిడి. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటుంది. పెంటియం 4, ఇంటెల్ 845 చిప్‌సెట్ బోర్డు, 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ. మిగతావన్నీ బాగానే పనిచేస్తున్నాయి, శబ్దమే లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్స్ అండ్ ఆడియో డివైసెస్ తెరిస్తే "నో ఆడియో డివైస్" అంటోంది. కింద గడియారం పక్కన స్పీకర్ బొమ్మ లేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులేమీ లేవు. సౌండ్, వీడియో అన్న వరస కింద ఆడియో కోడెక్స్, లెగసీ డ్రైవర్లు అని ఏవో ఉన్నాయి గానీ కార్డు పేరు మాత్రం లేదు.

ఇంత పాతదాన్ని పట్టుకుని ఎందుకు వేలాడుతున్నానంటే, మా నాన్నగారు నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఆయన గొంతు, హార్మోనియం, తెర వెనక ప్రాంప్టరు మాటలతో సహా క్యాసెట్లలో ఉంది. ఆయన ఇప్పుడు లేరు. టేపురికార్డరు తిరుగుతోంది. నా ల్యాప్‌టాప్‌కి ఉన్నది హెడ్‌సెట్ జాక్ ఒక్కటే, ఈ పాతదాని వెనక మాత్రం టేపురికార్డరు శబ్దం లోపలికి తీసుకునే నీలం జాక్, లైన్ ఇన్ అంటారు, ఉంది. ఊళ్లో రిపేరు షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, వేరేది కొనుక్కోండి అన్నారు. 2018లో తిత్లీ తుపానుకి పాత క్యాబినెట్ పాడైతే వేరే క్యాబినెట్‌లోకి మార్పించాం. శబ్దం పోయింది అంతకు ముందో తర్వాతో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

గుణుపురం_చిన్నోడు
అక్కా, దానికోసం అంత కష్టం ఎందుకు? యూఎస్‌బీ సౌండ్ కార్డు రెండు మూడొందలకి వస్తుంది. ల్యాప్‌టాప్‌కి గుచ్చి రికార్డు చేసుకోండి.

పాతపట్నం_రేడియో
చిన్నోడా, ఆ చిన్న ముక్కల్లో చాలావాటికి ఉండేది మైకు జాకే. అది మోనో. మైకుకి కావలసిన కొద్దిపాటి వోల్టేజీ దాంట్లో ఎప్పుడూ ఉంటుంది, లోపల సిగ్నల్ బాగా పెంచేస్తుంది. టేపురికార్డరు నుంచి వచ్చే సిగ్నల్ అందులో పెడితే ఎత్తుగా రాగం తీసిన చోటల్లా గొంతు చిట్లిపోతుంది. పద్యంలో అసలు వినాల్సింది ఆ రాగమే కదా. లైన్ ఇన్ ఉన్న మంచి యూఎస్‌బీ డబ్బా కొనుక్కోవచ్చు గానీ అది మూడొందలకి రాదు. నీలం జాక్ ఉన్న మిషను ఇంట్లోనే ఉండగా ముందు దాన్ని లేపుదాం.

రాయగడ_శ్రీను
మేడమ్, మీ పోస్టులో పసుపు గుర్తు లేదన్న ఒక్క మాట చాలు. కంప్యూటర్ సౌండ్ కార్డుని గుర్తుపట్టడం లేదని అందరూ ఒకే మాట అంటారు గానీ, లోపల జరిగేది ఒకటి కాదు. డ్రైవర్ లేకపోతే డివైస్ మేనేజర్‌లో "మల్టీమీడియా ఆడియో కంట్రోలర్" అని పసుపు ప్రశ్నార్థకంతో ఒక లైను కనబడాలి. కోడ్ 28 అని ఉంటుంది. అంటే విండోస్‌కి చిప్ కనబడింది, దానితో ఎలా మాట్లాడాలో తెలియదు. డ్రైవర్ ఉన్నా మొదలవకపోతే కోడ్ 10. ఎవరైనా డిసేబుల్ చేసి ఉంటే ఎర్ర ఇంటూ గుర్తు, కోడ్ 22. మీకు ఆ లైనే లేదు. అంటే విండోస్ దాకా చిప్ రానే లేదు. ఇప్పుడు డ్రైవర్లు ఎన్ని దించినా దండగే.

అందుకని ముందు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లో, చూడండి. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ ఉండండి. ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్ లోపల ఆన్‌బోర్డ్ డివైస్ దగ్గర "ఏసీ 97 ఆడియో" అని ఉంటుంది. బోర్డులోనే ఉన్న సౌండ్ అదే, ఆటో లేదా ఎనేబుల్డ్ అయి ఉండాలి. అక్కడ తేడా ఏమీ లేకపోతేనే బోర్డు పోయిందేమోనన్న మాట.

బరంపురం_లినక్స్
బయోస్ కంటే తేలిక దారి ఉంది. 32 బిట్ లైవ్ లినక్స్ ఒకటి, అంటే హార్డ్ డిస్కులో ఎక్కించకుండానే నడిచేది, సీడీలో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ పెట్టి లేపండి. యాంటీఎక్స్ అనే లినక్స్ అయితే 512 ఎంబీలో హాయిగా నడుస్తుంది. టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టండి. బోర్డు మీద ఉన్న చిప్పుల పేర్లన్నీ వచ్చేస్తాయి, డ్రైవర్ ఉన్నా లేకున్నా. అందులో ఆడియో కంట్రోలర్ లైను ఉంటే చిప్ బతికే ఉన్నట్టు.

రాయగడ_శ్రీను
@బరంపురం_లినక్స్ ఒప్పుకోను. బయోస్‌లో ఆపేసిన చిప్ లినక్స్‌కీ కనబడదు. అప్పుడు మేడమ్ ఏమనుకుంటారు? షాపతను చెప్పిందే నిజం, చిప్ పోయిందనుకుంటారు. ముందు బయోస్, ఆ తర్వాత మీ ఎల్ఎస్‌పీసీఐ.

బరంపురం_లినక్స్
అదీ నిజమే. వరస మార్చాను, ముందు బయోస్.

జయపురం_మేస్టారు
ఇప్పటి పిల్లలకి ఇదంతా తేలికే. మేం ల్యాబులో ఐఎస్ఏ అనే పాతరకం స్లాటు సౌండ్ కార్డులతో పడ్డ పాట్లు వేరు. సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చింది 1992లో. పోర్టు 220, ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను) 5, డీఎంఏ 1, హై డీఎంఏ 5. ఆటోఎగ్జెక్ ఫైల్లో ఆ బ్లాస్టర్ లైను ఏ220 ఐ5 డీ1 హెచ్5 టీ6 అని రాస్తేనే డాస్ ఆటలకి శబ్దం. ప్రింటరు పోర్టు కూడా ఐఆర్‌క్యూ 5 అడిగితే రెండిట్లో ఒకటి పడుకునేది. జంపర్లు, అంటే రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగులు, పీకి మార్చుకునేవాళ్లం. ఆ నంబర్లు ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతాను.

గుణుపురం_చిన్నోడు
మేస్టారూ, నేను పుట్టకముందు సంగతులు చెబుతున్నారు 😄 డీఎంఏ అంటే ఏటండీ?

జయపురం_మేస్టారు
ప్రాసెసర్‌ని ప్రతి ముక్కకీ లేపకుండా కార్డు నేరుగా మెమరీ నుంచి శబ్దం తీసుకునే దారి, నాయనా. ఆ దారికి ఒక నంబరు. ఒకే నంబరు ఇద్దరికి ఇస్తే గొడవ. పీసీఐ అనే కొత్త స్లాట్లు వచ్చాక ఆ నంబర్ల పంపకం బయోసు, విండోసే చూసుకుంటున్నాయి, అందుకే మీకు ఆ బాధ లేదు.

సిరొంచ_తెలుగోడు
మాది గడ్చిరోలి జిల్లా. మా ఇంట్ల కూడా గిట్లనే నో ఆడియో డివైస్ అని వచ్చింది గానీ కారణం వేరే. విండోస్ ఆడియో అనే సర్వీస్ బందయి ఉండె. రన్‌ల సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ కొట్టి, విండోస్ ఆడియోని ఆటోమేటిక్ చేసి స్టార్ట్ నొక్కితే ఒచ్చేసింది. అక్కా, అది కూడా ఒక్కసారి జూడున్రి.

రాయగడ_శ్రీను
@సిరొంచ_తెలుగోడు మంచి మాట చెప్పావన్నా. కాకపోతే మీకు డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు ఉండే ఉంటుంది. సర్వీస్ ఆగితే కార్డు పేరు పోదు. మేడమ్‌కి పేరే లేదు.

సిరొంచ_తెలుగోడు
అవును, రియల్‌టెక్ అని పేరు ఉండె.

కాశీనగర్_కిరణ్
బయోస్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఆ గుండ్రటి సీఆర్ 2032 సెల్లు. అది చచ్చిపోతే సెట్టింగులన్నీ గల్లంతు. అది మారిస్తే చాలు.

రాయగడ_శ్రీను
కిరణూ, బ్యాటరీ పోతే సెట్టింగులు ఫ్యాక్టరీలో పెట్టినట్టుకి తిరిగొస్తాయి. చాలా బోర్డుల్లో ఆడియోకి అది ఆటో. కాబట్టి బ్యాటరీ పోతే శబ్దం తిరిగి రావాలి గానీ పోకూడదు. డిసేబుల్డ్ అని ఉందంటే ఎవరో చేత్తో పెట్టినట్టే. విడిగా పీసీఐ సౌండ్ కార్డు వేసినప్పుడు ఆన్‌బోర్డ్‌ని ఆపేస్తారు. తర్వాత ఆ కార్డు తీసేసి బయోస్ సంగతి మర్చిపోతారు. రిపేరుకొచ్చిన మిషన్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే.

కాశీనగర్_కిరణ్
గడియారం ప్రతిసారీ వెనక్కి పోతుంటే మాత్రం సెల్లు మార్చాలి కదా?

రాయగడ_శ్రీను
అది మార్చాల్సిందే, కాదనను. సౌండుకి మాత్రం మందు అది కాదు.

మహేంద్రతనయ
బయోస్‌లోకి వెళ్లాను. ఏసీ 97 ఆడియో డిసేబుల్డ్ అనే ఉంది! ఆటో పెట్టి ఎఫ్10 నొక్కి సేవ్ చేశాను. విండోస్ లేవగానే "ఫౌండ్ న్యూ హార్డ్‌వేర్" అని బుడగ వచ్చింది. ఇప్పుడు డివైస్ మేనేజర్‌లో మల్టీమీడియా ఆడియో కంట్రోలర్, పసుపు ప్రశ్నార్థకం. పసుపు గుర్తు చూసి ఇంత సంతోషపడతానని అనుకోలేదు. శ్రీను గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. క్యాబినెట్ వెనక ఒక స్లాటు రేకు లేకుండా ఖాళీగా ఉంది, అంటే మీరన్నట్టు ఎప్పుడో కార్డు ఉండేదేమో. మదర్‌బోర్డు సీడీ లేదు. ఇప్పుడు డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?

గుణుపురం_చిన్నోడు
డ్రైవర్ అప్‌డేటర్ ఒకటి వేసుకోండక్కా, అదే వెతికి పెట్టేస్తుంది.

బరంపురం_లినక్స్
వద్దు వద్దు. ఆ అప్‌డేటర్లలో చాలావాటితో పాటు పనికిరానివన్నీ దిగుతాయి, కొన్నిటిలో వైరస్సులు. పైగా ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో అప్‌డేట్లు ఆపేసింది. ఆ మిషన్‌కి నెట్టే ఇవ్వకండి మేడమ్. డ్రైవర్ ల్యాప్‌టాప్‌లో దించి పెన్‌డ్రైవ్‌తో మోసుకెళ్లండి.

రాయగడ_శ్రీను
ఆ పసుపు లైను మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. అక్కడ పొడుగ్గా ఒక వరస ఉంటుంది. వెన్ తర్వాత ఉన్న అంకెలు, డెవ్ తర్వాత ఉన్న అంకెలు ఇక్కడ పెట్టండి.

మహేంద్రతనయ
వెన్ 8086, డెవ్ 24సీ5.

రాయగడ_శ్రీను
8086 అంటే ఇంటెల్. 1978లో వాళ్లు తెచ్చిన ప్రాసెసర్ పేరే వాళ్ల నంబరుగా వాడుకున్నారు. 24సీ5 అంటే ఐసీహెచ్ 4లో ఉన్న ఏసీ 97 ఆడియో. మీ 845 బోర్డుకి సరిపోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంటెల్ అని ఉంది కదా అని ఇంటెల్ డ్రైవర్ కోసం వెతుకుతూ కూర్చుంటారు. ఏసీ 97లో పని రెండు చిప్పులకి పంచారు. అంకెలు మోసేది ఇంటెల్ చిప్, ఆ అంకెల్ని శబ్దంగా మార్చేది కోడెక్ అనే ఇంకో చిన్న చిప్. డ్రైవర్ కావలసింది కోడెక్‌ని బట్టి. రియల్‌టెక్ కావచ్చు, సౌండ్‌మ్యాక్స్ కావచ్చు, సీ-మీడియా కావచ్చు.

దాన్ని కళ్లతో చూడటమే మేలు. కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, పక్క రేకు తీయండి. వెనక ఆకుపచ్చ, నీలం, గులాబీ జాకులు బోర్డుకి అతికిన చోట చుట్టూ చూడండి. చిటికెన వేలి గోరంత నల్లటి చదరపు చిప్, నాలుగు పక్కలా సన్నటి కాళ్లు, పక్కకి పన్నెండు. టార్చి వాలుగా వేస్తే పైన రాత కనబడుతుంది. పీత బొమ్మ ఉంటే రియల్‌టెక్.

మహేంద్రతనయ
చేతిగుడ్డతో దుమ్ము తుడిచి, ఫోను టార్చి పక్కనుంచి పట్టుకుని చూశాను. ఉంది! బుల్లి పీత. దాని పక్కన ఏఎల్‌సీ 650.

పాతపట్నం_రేడియో
పీత దొరికింది, ఇంక పులుసే.

రాయగడ_శ్రీను
రియల్‌టెక్ ఏసీ 97 డ్రైవర్, ఎక్స్‌పీకి. హై డెఫినిషన్ అని ఉన్నది దించకండి. అది 2004 తర్వాత వచ్చిన వేరే పద్ధతి బోర్డులకి, మీ దానికి ఎక్కదు. సెటప్ నడిపి రీస్టార్ట్ చేయండి.

సిరొంచ_తెలుగోడు
నాది రియల్‌టెకే గానీ హై డెఫినిషన్ అని ఉంది. ఎక్స్‌పీ మళ్ల ఏసినప్పుడు డ్రైవర్ ఎక్కకుండా సతాయించింది.

రాయగడ_శ్రీను
సర్వీస్ ప్యాక్ 2 ఉన్న ఎక్స్‌పీ అయితే ముందు మైక్రోసాఫ్ట్ వాళ్ల కేబీ 888111 అనే ప్యాచ్ పడాలన్నా. హై డెఫినిషన్ బస్సు అంటే ఏమిటో ఎక్స్‌పీకి చెప్పేది అదే. అది లేకపోతే కోడెక్ డ్రైవర్‌కి నిలబడే చోటుండదు.

మహేంద్రతనయ
డ్రైవర్ ఎక్కింది. స్పీకర్ బొమ్మ వచ్చింది. డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ ఏసీ 97 ఆడియో అని శుభ్రంగా ఉంది. పాట పెడితే ప్లేయర్‌లో గీతలు ఎగురుతున్నాయి. కానీ స్పీకర్లలో చప్పుడు లేదు. ఇవే స్పీకర్లు నా ఫోనుకి పెడితే మోగుతున్నాయి. వాల్యూమ్ మ్యూట్‌లో లేదు, వేవ్ గీత కూడా పైనే ఉంది. వైరు ఆకుపచ్చ జాక్‌లోనే ఉంది.

కాశీనగర్_కిరణ్
అయితే కోడెక్ కాలిపోయినట్టే.

పాతపట్నం_రేడియో
ఆగు కిరణూ, అప్పుడే కాల్చేయకు. అమ్మా, క్యాబినెట్ మార్పించాం అన్నారు కదా. కొత్త క్యాబినెట్ ముందు వైపు హెడ్‌ఫోన్ జాకులున్నాయా? వాటి వైర్లు బోర్డుకి పెట్టి ఉన్నాయా?

మహేంద్రతనయ
ముందు జాకులున్నాయి. లోపల వాటి వైర్లు ఊరికే వేలాడుతున్నాయి, దేనికీ పెట్టలేదు.

పాతపట్నం_రేడియో
దొరికింది. వెనక జాకుల దగ్గర్లో ఎఫ్ ఆడియో అనో ఫ్రంట్ ఆడియో అనో రాసి ఉన్న పిన్నులుంటాయి చూడండి. రెండు వరసలు, పది చోట్లు, ఎనిమిదో చోట పిన్ను ఉండదు. ఏసీ 97 బోర్డుల్లో శబ్దం నేరుగా వెనక జాక్‌కి పోదమ్మా. కుడివైపుది 5లోంచి బయటికొచ్చి, ముందు ప్యానెల్ చుట్టి, 6లోంచి లోపలికెళ్తుంది. ఎడమది 9లోంచి బయటికి, 10లోంచి లోపలికి. ఆ తర్వాతే వెనక ఆకుపచ్చ జాక్. ముందు ప్యానెల్ వైరు పెట్టనప్పుడు 5-6కి ఒకటి, 9-10కి ఒకటి చిన్న ప్లాస్టిక్ జంపర్లు తొడిగి ఉంచాలి. మీ పాత క్యాబినెట్‌లో ముందు వైరు ఉండి ఉంటుంది, దానికోసం జంపర్లు తీసేశారు. క్యాబినెట్ మార్చినప్పుడు ఆ వైరూ పోయింది, జంపర్లూ పెట్టలేదు. దారి తెగిపోయింది.

జంపర్లకి డబ్బులు పెట్టకండి. పాడైపోయిన పాత ఐడీఈ హార్డ్ డిస్కో సీడీ డ్రైవో ఉంటే వెనక మాస్టర్, స్లేవ్ అని ఉన్న చోట తొడిగి ఉంటాయి. అదే సైజు. తొడిగేటప్పుడు పక్క పిన్నుకి తగలకుండా చూసుకోండి, కరెంటు తీసేసే చేయండి.

బరంపురం_లినక్స్
ఈ సంగతి నాకు తెలియదు గురువుగారూ. మా ఇంట్లో ఒక 865 బోర్డు ఇలాగే మూగదైపోయి అటకెక్కింది. లినక్స్‌లో వాల్యూమ్ మీటలుండే అల్సామిక్సర్‌లో ఎమ్ ఎమ్ అని ఉన్న మ్యూట్లన్నీ తీశాను, ఎక్స్‌టర్నల్ యాంప్లిఫయర్ అన్న స్విచ్చి కూడా అటూ ఇటూ మార్చాను, ఫలితం లేదు. ఈ ఆదివారం దించి ఆ పిన్నులు చూస్తాను.

జయపురం_మేస్టారు
చూశావా, జంపర్ల కాలం ఇంకా పోలేదు.

మహేంద్రతనయ
మోగింది! పాడైన సీడీ డ్రైవ్ వెనక ఒకటి, పాత హార్డ్ డిస్కు వెనక ఒకటి దొరికాయి. చిమటాతో పట్టుకుని తొడిగాను. విండోస్ మొదలయ్యే రాగం వినగానే మా అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది.

ఇప్పుడు టేపురికార్డరు హెడ్‌ఫోన్ జాక్ నుంచి నీలం జాక్‌కి వైరు పెట్టాను. స్పీకర్లలో నాన్నగారి గొంతు వినబడుతోంది. కానీ ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు నొక్కితే గీత బల్లపరుపుగానే ఉంటోంది.

రాయగడ_శ్రీను
వినబడేదానికీ రికార్డయ్యేదానికీ ఎక్స్‌పీలో వేర్వేరు మీటలు. స్పీకర్ బొమ్మ మీద డబుల్ క్లిక్, ఆప్షన్స్, ప్రాపర్టీస్, అందులో రికార్డింగ్ ఎంచుకుని ఓకే. అక్కడ మైక్రోఫోన్ కింద టిక్ ఉండి ఉంటుంది. లైన్ ఇన్ కింద పెట్టండి.

పాతపట్నం_రేడియో
అమ్మా, రికార్డు మొదలుపెట్టే ముందు కొన్ని సంగతులు. టేపు హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి, దూది మీద గోధుమరంగు మరక రావడం ఆగేదాకా. టేపురికార్డరు వాల్యూమ్ సగం దగ్గర ఉంచి, మిగతాది కంప్యూటర్లో సర్దుకోండి. అన్నిటికంటే గట్టిగా పాడిన చోటు ముందే వెతికి, అక్కడ గీత పైఅంచుకి తగలకుండా లెవెల్ పెట్టండి. పైఅంచు కోసుకుపోయిన శబ్దాన్ని తర్వాత ఎవరూ బాగు చేయలేరు. తక్కువగా వస్తే తర్వాత పెంచుకోవచ్చు. "బుయ్"మని హమ్ వస్తే టేపురికార్డరూ కంప్యూటరూ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి.

బరంపురం_లినక్స్
శాంప్లింగ్, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలవాలో ఆ అంకె, 44100 కాకుండా 48000 పెట్టండి. ఏసీ 97 లోపల సహజంగా నడిచేది 48000 మీదే. 16 బిట్ స్టీరియో వేవ్ ఫైలు నిమిషానికి పదకొండున్నర ఎంబీ, అరవై నిమిషాల క్యాసెట్‌కి సుమారు 690 ఎంబీ. 40 జీబీ డిస్కులో ఉన్న ఖాళీని బట్టి రెండు మూడు క్యాసెట్లకోసారి ల్యాప్‌టాప్‌లోకి మార్చేయండి. ఎంపీ3 చేసినా వేవ్ మాత్రం చెరపకండి. ఆ డిస్కు వయసు చూస్తే నమ్మడానికి లేదు, రెండు చోట్ల దాచండి.

గుణుపురం_చిన్నోడు
నాన్నగారి గొంతు స్టీరియోలో ఎందుకు? ఒక మైకుతో రికార్డు చేసిందే కదా, మోనో చాలు, సగం చోటు మిగులుతుంది.

పాతపట్నం_రేడియో
మంచి ప్రశ్న. స్టీరియోలో తీస్తే రెండు ట్రాకుల్లో ఒకటి మరకపడి ఉన్నా రెండోది శుభ్రంగా ఉండొచ్చు. బాగున్నది ఉంచుకుని తర్వాత మోనో చేసుకోవచ్చు. ముందే మోనో చేస్తే రెండూ కలిసిపోతాయి, ఇక విడదీయలేం.

మహేంద్రతనయ
లైన్ ఇన్ టిక్ పెట్టగానే గీత కదిలింది. మొదటి క్యాసెట్ ఒక వైపు పూర్తయింది. 48000, స్టీరియో, వేవ్. హమ్ వచ్చింది, ఒకే బోర్డుకి మార్చగానే పోయింది. మధ్యలో ఒక పద్యానికి జనం వన్స్‌మోర్ అంటే నాన్నగారు మళ్లీ పాడారు, రెండోసారి ఇంకా పైనుంచి ఎత్తుకున్నారు. అది ఇప్పుడు ఫైల్లో ఉంది. ఇక్కడ ఎవరెవరు ఏ మాట చెప్పారో అన్నీ రాసి పెట్టుకున్నాను. శ్రీను గారూ, రేడియో గారూ, బోర్డు పోయిందని నమ్మి దీన్ని పాత సామాన్లవాడికి వేసేసేదాన్ని.

గుణుపురం_చిన్నోడు
అక్కా, మా తాత హరికథలు చెప్పేవారు. ఆయనవీ క్యాసెట్లున్నాయి, మా ఇంట్లో టేపురికార్డరు లేదు. గుణుపురం రైల్లో వస్తే మీ దగ్గర ఎక్కించుకోవచ్చా?

మహేంద్రతనయ
తప్పకుండా రా తమ్ముడూ. ఆదివారం అయితే ఇంట్లోనే ఉంటాను. పెన్‌డ్రైవ్ 16 జీబీ అయినా తెచ్చుకో.

పాతపట్నం_రేడియో
చిన్నోడా, క్యాసెట్లు ఎండలో పెట్టకు, ఫోను పక్కన ఉంటే ఫరవాలేదు గానీ స్పీకరు అయస్కాంతం పక్కన మాత్రం పెట్టకు. లోపల తెల్లటి బూజు కనబడితే అది మిషన్లో వేయొద్దు, హెడ్డుకి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. అలాంటివి వేరే సంచీలో తే, నేనూ ఆ ఆదివారం పర్లాకిమిడి వస్తాను. పక్కనే కదా.